గీతకు ఏ పక్క?

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు ఇల్లు కట్టుకునేవాళ్లు సింహద్వారం దగ్గర రాజీపడరు. టేకు గుమ్మం కావాలి, పైన గజలక్ష్మి ఉండాలి, రెండు పక్కలా లతలు పాకాలి. ఉలి పట్టే చేతులు తగ్గాయి కాబట్టి ఇప్పుడు ఆ నగిషీ చాలావరకు సీఎన్‌సీ రౌటర్ చెక్కుతోంది. మిషన్ పని కదా, కొలత తప్పదులే అనుకుంటాం. తప్పుతుంది. తప్పకుండా చూసుకునే విద్య మన వడ్రంగుల దగ్గర ఏనాటి నుంచో ఉంది.

రంపానికి మందం ఉంటుంది, ఆ మందమంత చెక్క పొట్టయిపోతుంది. అందుకే పని తెలిసిన వడ్రంగి గీత మీద కోయడు. పారేసే ముక్క వైపు రంపం నడిపి, గీతను మిగిల్చి, చివర్న చిత్రిక పట్టి గీత దాకా వస్తాడు. కుసికి గీత బయట కోత, బెజ్జానికి గీత లోపల కోత. ఆస్పైర్, ఆర్ట్‌క్యామ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో టూల్‌పాత్ (బిట్టు నడిచే దారి) పెట్టేటప్పుడు అడిగేదీ ఇదే: ఔట్‌సైడా, ఇన్‌సైడా, గీత మీదా? 100 మిల్లీమీటర్ల పలకను 6 మిల్లీమీటర్ల బిట్టుతో గీత మీద కోయిస్తే చేతికొచ్చేది 94. అదే పద్ధతిలో 100 రంధ్రం తొలిస్తే 106 అవుతుంది.

పక్క సరిగ్గా ఎంచుకున్నా ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌వేర్ బిట్టును చూడదు, మనం చెప్పిన అంకెను నమ్ముతుంది. 6 అని రాసిన బిట్టు అరిగి 5.9 అయిందనుకోండి. పలక 0.1 పెద్దదవుతుంది, రంధ్రం 0.1 చిన్నదవుతుంది. ఆ రెంటినీ కలపబోతే 0.2 తేడా, సుత్తి పెట్టి కొట్టినా దిగదు. బిట్టును వెర్నియర్‌తో కొలవడం మంచిదే. దానితో ఒక గాడి తీసి ఆ వెడల్పు కొలిస్తే ఇంకా మంచిది, స్పిండిల్ ఊగిసలాట కూడా అందులోనే బయటపడుతుంది. ఆ అంకెనే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి.

గట్టి చెక్కలో సన్నటి బిట్టు పక్కకు వంగుతుంది కూడా. మొదటి కోతలో అర మిల్లీమీటరు వదిలి, చివరి చుట్టులో దాన్ని తీయాలి. చిత్రిక చేసే పనే ఇది.

కొలమానాల సంగతి చూడండి. 1956 చట్టంతో దేశానికి మెట్రిక్ కొలతలొచ్చాయి. మన పనివాళ్ల నోట మాత్రం అంగుళం, నూలు పోలేదు. అంగుళానికి ఎనిమిది నూళ్లు, అంగుళం 25.4 మిల్లీమీటర్లు, అంటే నూలు 3.175. చిన్న నగిషీ బిట్ల కాడ మందం కచ్చితంగా ఇంతే. దాన్ని మూడే అనుకుని మూడు మిల్లీమీటర్ల కొలెట్ (కాడను పట్టే బిగింపు) తెస్తే అందులో పట్టదు.

వి ఆకారపు బిట్టుతో అక్షరాలు చెక్కేటప్పుడు వెడల్పు లోతును బట్టి ఉంటుంది. 90 డిగ్రీల బిట్టు 3 మిల్లీమీటర్లు దిగితే గీత 6 వెడల్పు వస్తుంది. పలక ఒకచోట అర మిల్లీమీటరు ఉబ్బి ఉంటే అక్కడ గీత ఒక మిల్లీమీటరు లావెక్కుతుంది. ఇంటి పేరు చెక్కిన పలకలో ఒక అక్షరం బక్కగా, పక్కది లావుగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ముందు చిత్రిక పట్టి పలకను చదును చేయాలి, ఆ తర్వాతే బిట్టు లోతుకు జీరో పెట్టాలి.

గుండ్రటి బిట్టు లోపలి మూలను నిక్కచ్చిగా కోయలేదు, తన వ్యాసార్ధమంత వంపు వదిలేస్తుంది. ఆ మూల ఉలితోనే తీరాలి. మన జిల్లాలోనే ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు దక్కింది చేతిపనికే. మిషన్ ఎంత పెరిగినా మూల తీర్చే చెయ్యి మనకు అక్కరే, దానికి తగిన కూలీ ఇవ్వడం న్యాయం.

మిషన్ కొలత సరిపోయినా కాలాన్నీ చూసుకోవాలి. మన తీరంలో వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ తేమ గాలికి చెక్క నార వెంబడి దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. ఎండాకాలంలో బిగుతుగా కోసిన తలుపు కార్తీకంలో పట్టేస్తుంది.

తలుపు ఆర్డరిచ్చే ముందు షాపువాళ్లను ఒక్క పని అడగండి. అదే టేకు తునకలో 50 మిల్లీమీటర్ల చదరం ఒకటి, దానికి సరిపోయే గుంట ఒకటి కోసి, గుంట మూలలు ఉలితో తీర్చి, రెండూ కొలిచి చూపించమనండి. అవి ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాకే మీ గుమ్మం మిషనెక్కనివ్వండి.