ముసవ్విర్ జంగ్ బొమ్మల్లో ముఖం

ఛాయాచిత్రంలో మనిషి ఆంతర్యం పట్టుబడుతుందని మనలో చాలామంది నమ్మకం. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన లాలా దీన్‌దయాళ్ బొమ్మల ముందు ఆ నమ్మకం నిలవదు. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందినవాడు. ఆయన తీసిన అమీరుల బొమ్మల్లో ముందుగా మాట్లాడేది ముఖం కాదు. కత్తి, పతకాలు, కూర్చున్న కుర్చీ. కత్తి తీసేస్తే ఆ నవాబు ఎవరు? హోదాయే అక్కడ వ్యక్తిత్వంగా చెలామణీ అయింది. పనితనం మాత్రం గొప్పది, కాదనలేం.

అదే కెమెరా 1899-1900 కరువులో, అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదుకు వెళ్లింది. అక్కడ గోచీలూ పక్కటెముకలూ తప్ప అలంకారాలు లేవు. ఇక్కడైనా అసలు మనిషి దొరికాడా? లేదు. ఒక బొమ్మకు పెట్టిన శీర్షిక ‘బక్కచిక్కిన యువకుల గుంపు’ అన్న పాటిదే, పేర్లు లేవు. సర్కారు చేసిన సాయానికి వాళ్లు సాక్ష్యం, అంతే. నవాబుకు కత్తి ఎలాగో వీళ్లకు ఆకలి అలాగే తగిలించారు.

మన కథకులు దీన్‌దయాళ్‌ను ఆస్థాన కళాకారుడని తేలిగ్గా తోసెయ్యగలరు. కాని మన కథల్లో కూలివాడు ఎన్నిసార్లు లోతుకుపోయిన కళ్లతో, పేరు లేకుండా, ఆ గుంపులోనే నిలబడలేదు?