అరియాంకుప్పం ఏట్లో తెడ్డు పాఠం

అరియాంకుప్పం ఏట్లో కయాక్ నడపాలంటే గాలి లేవకముందే దిగాలి. ఎండెక్కి నేల కాగిందంటే సముద్రం మీంచి గాలి తోసుకొస్తుంది. ఇక ఏరంతా చిల్లర అలలే, పడవ ముక్కు ఒక దిక్కున నిలవదు. తెల్లవారుజామున ఆ బెడద లేదు.

పుదుచ్చేరి నుంచి కడలూరు రోడ్డు పట్టి దక్షిణానికి వెళితే వచ్చే ఊరు అరియాంకుప్పం. యానాం కూడా పుదుచ్చేరి పాలనలోదే కాబట్టి మనకు మరీ పరాయి నీళ్లేం కావు. సెంజి కొండల వైపు నుంచి వచ్చే శంకరాపరణి నది సముద్రం దగ్గరపడేసరికి రెండు పాయలవుతుంది: ఒకటి అరియాంకుప్పం ఏరు, రెండోది చున్నాంబార్. నోణాంకుప్పం దగ్గర పర్యాటక శాఖ బోట్‌హౌస్ ఉన్నది చున్నాంబార్ మీద. సెలవురోజుల్లో అక్కడ మోటారు పడవల రొదే రొద. తెడ్డు పట్టాలనుకున్నవాళ్లు అవి మొదలయ్యేలోగా ఒడ్డు చేరిపోవడమే మేలు.

పేరుకు ఏళ్లే గానీ, సముద్రపు పోటు లోపలిదాకా ఎక్కుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ తీరంలో నీటిమట్టం తేడా మామూలుగా మీటరుకు మించదు. అయినా ఇరుకు పాయలో ఆ మాత్రం చాలు, మనిషిని అలసగొట్టడానికి. అందుకే వెళ్లేటప్పుడు నీటికి ఎదురెళ్లి, చేతులు అలిశాక నీటి వాలున తిరిగి రావాలి.

కయాక్‌లో మనిషి కూర్చునేది దాదాపు నీటిమట్టంలోనే. ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్ జనం సీల్ జంతువుల వేటకు తోలుతో కట్టుకున్న పడవ ఇది. కింద కూర్చుంటే గాలి తక్కువ తగులుతుంది, చప్పుడూ తక్కువే. కొత్తవాళ్లంతా చేతుల బలంతో లాగుతారు, పావుగంటలో భుజాలు పట్టేస్తాయి. నిజానికి పని నడుముది. కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడి భుజం ముందుకు రావాలి. రెక్క పాదం పక్కన మునగాలి, తుంటి దగ్గరికి రాగానే పైకి లేవాలి. అంతకన్నా వెనక్కి లాగితే అది నీళ్లను ఎత్తిపోస్తుందే తప్ప పడవను నడపదు. చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడు పట్టిన చేతుల్లా ఒకటి లాగుతుంటే రెండోది ముందుకు పోవాలి. పిడికిలి బిగించకూడదు, పై చేతి వేళ్లు కాస్త విచ్చుకునే ఉండాలి. ఎడమకు తిరగాలంటే కుడివైపు ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనకదాకా తెడ్డుతో పెద్ద అర్ధచంద్రం గీయాలి. రెక్కను అంచువాటంగా దించితే నీరు చప్పుడు చేయదు. మడచెట్ల మధ్య సన్నపాయల్లో ఈ విద్య అక్కరకొస్తుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరివేళ్ల పక్కన లకుముకిపిట్ట కూర్చుని ఉంటుంది. తెడ్డు టప్పుమన్నదో, ఎగిరిపోతుంది.

అయితే ఈ నీళ్లకు కయాక్ నిన్నమొన్న వచ్చిన చుట్టం. ఇక్కడి అసలు పడవ కట్టుమరం. తేలిక కొయ్య దుంగల్ని పక్కపక్కన పేర్చి తాడుతో బిగించి కడతారు. మేకు ఉండదు. అల మీదపడినా నీరు సందుల్లోంచి జారిపోతుంది, తోడిపోయాల్సిన పని లేదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు, పీల్చుకున్న నీటితో బరువెక్కకుండా. మన తీరంలో తెప్ప కూడా ఈ తీరుదే. కొల్లేటి దోనెది ఇంకో ఉపాయం. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఒంటిగా ఉంటే దొర్లుతుంది, రెండు జోడించి కడితే నిలకడగా తేలుతుంది.

ఈ జోడింపు ఎంత పాతదో ఒక గ్రీకు రచయిత రాసిపెట్టాడు. క్రీ.శ. 1వ శతాబ్దపు 'పెరిప్లస్' గ్రంథం ఈ తీరపు రేవుల్లో పొదూకేను పేర్కొంటూ, దుంగలు జోడించి కట్టిన 'సంగర' అనే పెద్ద పడవల ప్రస్తావన తెస్తుంది. పొదూకే అంటే అరియాంకుప్పం పక్కనున్న అరికమేడు అని చాలామంది పండితుల అభిప్రాయం. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వితే మధ్యధరా తీరాల నుంచి వచ్చిన ద్రాక్షసారా జాడీల పెంకులు, ఇటలీ మట్టిపాత్రల ముక్కలు దొరికాయి. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం మళ్లీ తవ్వింది.

రోడ్డు మీంచి వెళ్లినవారికి అరికమేడు చెట్ల నడుమ పాత సెమినరీ మొండిగోడలుగానే కనిపిస్తుంది. రేవు ఇక్కడే ఎందుకు పెట్టారో అర్థం కాదు. కయాక్‌లో ఏటి వంపు తిరిగి ఆ గట్టు కిందికి వస్తే సంగతి తెలుస్తుంది: సముద్రం దగ్గరే, అలల దెబ్బ మాత్రం తగలదు. నా దృష్టిలో ఇక్కడ తెడ్డు పట్టడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. వ్యాయామం ఎక్కడైనా దొరుకుతుంది.

2004 సునామీ తర్వాత ఈ తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి, కట్టుమరాలు పలచబడ్డాయి. వాటి మీద తెడ్డువేసిన పెద్దలు వీరాంపట్టినం లాంటి మత్స్యకార పల్లెల్లో ఇంకా ఉన్నారు. మీరు వెళితే లైఫ్‌జాకెట్ బిగించుకోండి, ఒంటరిగా దిగకండి. ఫోన్‌లో పోటు వేళలు చూసుకున్నా సరే, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని ఒక మాట అడిగే బయల్దేరండి. ఏటి మొగలో ఈ వారం ఇసుక ఎక్కడ మేటవేసిందో ఫోన్ చెప్పదు.