ఆ గుర్రాలు ఎంతకి పోయేవి?

కళింగపట్నం పేరు మిగతా తెలుగువాళ్లకి తుఫాను వార్తల్లోనే వినిపిస్తుంది. రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని ఒకప్పుడు రేడియో చెప్పేది, ఇప్పుడు టీవీ చెప్తోంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫానుకి కూడా అంతే. రెండు రోజులు మా ఊరి పేరు మోగింది, తర్వాత ఎవరికీ గుర్తులేదు. వంశధార సముద్రంలో కలిసే చోటు ఇది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓడలొచ్చిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసు, ఇసక, ఆదివారం సాయంత్రాలు శ్రీకాకుళం నుంచి వచ్చే బైకులు.

ఇక్కణ్ణుంచి రోజూ బస్సెక్కి డిగ్రీకి వెళ్తూ నేను చదివిన నాటకం ‘రైడర్స్ టు ద సీ’. రాసింది జె.ఎం. సింగ్ (మన సింగ్ కాదు, ఐరిష్ సింగ్). ఒకే అంకం, ఒకే గది, అరగంటలో అయిపోతుంది. 1904 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో మొదటిసారి ఆడారు. ఐర్లండ్‌కి పడమట ఆరన్ దీవుల్లో ఒక ముసలమ్మ. మామగారిని, మొగుణ్ణి, నలుగురు కొడుకుల్ని సముద్రం తీసుకుపోయింది. ఐదోవాడు మైకేల్ తొమ్మిది రోజులుగా కనిపించట్లేదు. మిగిలిన ఒక్క కొడుకు బార్ట్‌లీ గుర్రాలు అమ్మడానికి అవతలి ఒడ్డున సంతకి బయల్దేరతాడు. వాడూ శవమై తిరిగొస్తాడు. ఆవిడ పేరు మౌర్యా. అశోకుడు వచ్చి గెలిచిన కళింగలో కూర్చుని ఆ పేరు వింటే నవ్వు ఆగుతుందా? మొదటి రోజు క్లాసంతా నవ్వింది. రెండో రోజు నవ్వలేదు.

పరీక్షలో వచ్చే ప్రశ్న అందరికీ తెలుసు: ఇది ట్రాజెడీ అవుతుందా? గైడులో జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. అరిస్టాటిల్ చెప్పినట్టు నాయకుడి తప్పిదం ఏదీ ఇక్కడ లేదు. అయినా సముద్రమే విధి, విధి ముందు మనిషి అల్పుడు, కాబట్టి ఇది ఆధునిక ట్రాజెడీ. పదిహేను మార్కులు. ఈ పేచీ గైడుల వాళ్లు కనిపెట్టింది కూడా కాదు. నాటకం ఇంకా రంగస్థలం ఎక్కకముందే, 1903లో, పారిస్‌లో రాతప్రతి చదివిన జేమ్స్ జాయిస్ సింగ్ మొహం మీదే ఇది అరిస్టాటిల్ లెక్కకి రాదన్నాడు. తర్వాత ఆయనే దాన్ని ఇటాలియన్‌లోకి అనువదించాడు! సిద్ధాంతం ఒప్పుకోకపోయినా నాటకం వదల్లేదన్నమాట.

మా క్లాసులో సముద్రం పక్కన మత్స్యకారుల పేట నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. పాఠం అయిపోయాక లేచి, “అయితే ఆ గుర్రాలు ఎంతకి పోయేవి మేస్టారూ?” అనడిగాడు. మళ్లీ నవ్వులు. సిలబస్‌లో లేని ప్రశ్నలు వద్దని మేస్టారు కూర్చోబెట్టారు. ఈ నాటకం మీద నేను విన్న అన్ని ప్రశ్నల్లోకీ మంచిది అదే.

ఎందుకంటే బార్ట్‌లీ సముద్రం పిలిస్తే వెళ్లడు. సంతకి వెళ్తాడు. రెండు వారాల దాకా ఇంకో పడవ లేదు, ఈసారి గుర్రాలకి మంచి ధర పలుకుతుందని విన్నాడు. పోతూ పోతూ అక్కకి అప్పగింతలు పెడతాడు: గొర్రెలు చేలో పడకుండా చూడు, బేరగాడు వస్తే నల్లకాళ్ల పందిని మంచి ధరకి ఇచ్చెయ్, నాచు ఇంకో మోపుకి సరిపడా పోగెయ్, ఇక నుంచి ఇంట్లో పని చేసే మగాణ్ణి ఒక్కణ్ణే కదా. విధికి ఎదురెళ్లే వీరుడు మాట్లాడే మాటలు కావివి. ఇల్లు గడవడం గురించి మాట్లాడుతున్నాడు. తల్లి వెయ్యి గుర్రాలైనా ఒక్క కొడుకుతో సమానమా అంటుంది. అంటే ధర సంగతి ఆవిడే ఎత్తింది. మనం వినిపించుకోలేదు.

వాడు చచ్చిపోయేది ఎలాగో కూడా చూడండి. పడవ బోల్తా పడలేదు, తుఫాను రాలేదు. అసలు పడవ దాకా వెళ్లనే లేదు. అమ్మబోతున్న గుర్రమే, వెనక వస్తున్న బూడిదరంగు పోనీయే, వాణ్ణి నీళ్లలోకి తోసేసింది. సముద్రం ఆఖర్న అందుకుంది, అంతే. ‘సముద్రమే విధి’ అని రాసేవాళ్లు ఈ ఒక్క వివరాన్ని ఏం చేస్తారో నాకు అర్థం కాదు. సింగ్ దీవుల్లో వేసవుల తరబడి ఉండి, వాళ్ల పొయ్యి పక్కన కూర్చుని విన్నవాడు. పోనీని ఊరికే పెట్టలేదు.

1937లో బ్రెష్ట్ ఈ నాటకాన్ని స్పెయిన్ అంతర్యుద్ధంలోకి తీసుకెళ్లి ‘సెన్యోరా కారార్ తుపాకులు’ రాశాడు. అక్కడ చేపలు పట్టుకుంటున్న కొడుకుని ఫాసిస్టులు కాల్చేస్తే, అప్పటిదాకా యుద్ధం వద్దన్న తల్లి దాచిన తుపాకులు బయటికి తీసి తానూ బయల్దేరుతుంది. మౌర్యా ఊరికే ఓర్చుకోవడం బ్రెష్ట్‌కి నచ్చలేదు. సరే. కానీ కారార్‌కి శత్రువు ఎదురుగా ఉన్నాడు. సంత మీద, రెండు వారాలకొక పడవ మీద తుపాకి ఎక్కుపెట్టేదెలా? సింగ్ నాటకమే కష్టమైన నాటకం అని నా నమ్మకం.

శ్రీకాకుళం జిల్లాకి 190 కిలోమీటర్లకి పైగా తీరం ఉంది. పెద్ద పడవలు కట్టుకోడానికి మాత్రం దశాబ్దాల పాటు ఒక్క ఫిషింగ్ హార్బర్ లేదు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు ఇంటి ముందు సముద్రం పెట్టుకుని గుజరాత్‌లోని వెరావల్ దాకా కూలికి పోతారు, వేరేవాళ్ల పడవల్లో, నెలల తరబడి. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి. దాని మీద 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. అందులోనూ వెళ్లొద్దని ఆమె అడుగుతుంది, అతను వెళ్తాడు. సినిమా దాన్ని ప్రేమకథ చేసుకుంది, దాని అవసరాలు దానివి. క్లాసులో మాత్రం మేం ఆరన్ దీవుల విధి గురించి నోట్సు రాసుకుంటున్నాం. పక్క బెంచీ వాడి మావయ్య వెరావల్‌లో ఉన్నాడు.

మేజోడు సంగతి ఇంకా చెప్పలేదు. నాటకంలో నన్ను వదలనిది అది. ఎక్కడో ఉత్తరాన దొరికిన శవం మీది చొక్కా, ఒక మేజోడు మూటకట్టి పంపిస్తారు. అవి మైకేల్‌వేనా? చొక్కా గుడ్డతో తేలదు, అలాంటి తాన్లు గాల్వే కొట్లలో బోలెడు. మేజోడు మాత్రం చెల్లెలు నోరా అల్లింది. అరవై కుట్లు వేసి నాలుగు వదిలేసింది. లెక్కపెడుతుంది. సరిపోయింది. ఆ కుట్లే మరణ ధ్రువపత్రం. మన దగ్గర శవం దొరక్కపోతే, ఏడేళ్లు ఆచూకీ లేకపోతే తప్ప చట్టం మనిషి పోయినట్టు భావించదు. ఆ ఏడేళ్లూ ఆవిడ భార్యా, వితంతువా అన్నది ఏ ఆఫీసూ చెప్పదు. నోరా అదృష్టవంతురాలు అనాలనిపించే చోటు ఇది. అలా అనిపించినందుకు భయం కూడా వేస్తుంది.

‘విషాదాంతం’ అనే మన మాట ఈ నాటకానికి ఇరుకు. విషాదం అంతంలో లేదు, తెర లేచేసరికే గోడకి తెల్లని చెక్కలు ఆనించి ఉన్నాయి. మైకేల్ శవపేటిక కోసం కొన్నవి. బార్ట్‌లీకి వాడతారు. మేకులు కొనడం మాత్రం మర్చిపోయారు. ఇన్ని చావులు చూసిన ముసలమ్మ మేకులు మర్చిపోయిందేంటని ఒకడు ఆశ్చర్యపోతాడు. ఏ గొప్ప ఏకపాత్రాభినయమైనా ఆ మేకుల ముందు దిగదుడుపే.

దీన్ని తెలుగు చేస్తే ఏ తెలుగులో చెయ్యాలి? సింగ్ రాసింది దీవుల ఐరిష్ నుడికారం ఎక్కిన ఇంగ్లీషు. ఆయన చనిపోయిన 1909లోనే గురజాడ ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు వచ్చింది. మనుషులు మాట్లాడే మాట నాటకానికి సరిపోతుందని ఇద్దరూ ఒకే కాలంలో నమ్మారు. కాబట్టి మౌర్యాని పుస్తకాల భాషలో ఏడిపించడం అన్యాయం. మా ఒడ్డు మాటలోనే పెట్టాలి. ఒక్కచోట మాత్రం నేను ఆగిపోయాను. బార్ట్‌లీ గడప దాటుతూ దీవించి వెళ్తాడు, తల్లి తిరిగి దీవించదు. కూతుళ్లు తిడితే వెనకాలే రొట్టె పట్టుకుని వెళ్తుంది, అక్కడా మాట గొంతులో అడ్డం పడుతుంది. తెలుగులో ఇంట్లోంచి ఎవరూ ‘పోతున్నా’ అనరు, ‘ఎల్లొస్తాను’ అంటారు. రావడం ఆ మాటలోనే ఉంది. బార్ట్‌లీ చేత ఆ మాట అనిపించాను. మౌర్యా చేత ‘ఎల్లిరా’ అనిపించలేదు, ఆ చోట ఖాళీ వదిలేశాను.