పాత గ్యాస్ గ్రిల్ బాగుచేత

అమెరికాలో పెరటి వంటకు వాడే గ్యాస్ గ్రిల్ ఏడాదంతా ఆరుబయటే ఉంటుంది. అది తుప్పు పట్టగానే చాలామంది గరాజ్ సేల్‌లో చవకగా అమ్మేస్తారు. నిజానికి ముందుగా పాడయ్యేవి బర్నర్లు, వాటిపై కప్పే రేకులు, కాల్చే జాలీలు. ఇవన్నీ విడిగా దొరుకుతాయి. వెబర్ సంస్థ 1985లో తెచ్చిన జెనెసిస్ వంటి గ్రిల్లుల్లో బర్నర్లు అమర్చే పెట్టె పోత అల్యూమినియంది కాబట్టి దానికి తుప్పు పట్టదు. ఆ పెట్టె పగలకుండా, కింది చట్రం గట్టిగా ఉంటే వారాంతపు శ్రమతో గ్రిల్ మళ్లీ వంటకు పనికొస్తుంది.

కొనేటప్పుడు అది ఏ గ్యాస్‌కు చేసినదో తెలుసుకోవాలి. పైపులో వచ్చే సహజవాయువుకు చేసిన గ్రిల్‌లో గ్యాస్ రంధ్రాలు పెద్దవి. దానికి ప్రొపేన్ సిలిండర్ తగిలిస్తే మంట ప్రమాదకరంగా ఎగుస్తుంది.

సిలిండర్ తీసి దూరంగా పెట్టాకే పని మొదలుపెట్టాలి. విప్పే ప్రతి భాగాన్నీ ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు తడబాటు ఉండదు. బిగుసుకున్న బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించి కొంతసేపు నాననివ్వాలి. మూత లోపల పెచ్చులుగా ఊడేది చాలావరకు రంగు కాదు, మాడి పేరుకున్న జిడ్డు, పొగమసి. గీకి, వేడి సబ్బునీటితో కడిగితే పోతుంది. వేడిని తట్టుకునే రంగైనా బయటివైపే వేయాలి, ఆహారం ఉండే లోపలివైపు వేయకూడదు.

బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూళ్లు కడతాయి. దారి మూసుకుపోతే గ్యాస్ వెనక్కి మళ్లి నాబ్‌ల దగ్గర అంటుకోవచ్చు. అందుకే గొట్టాల లోపల సన్నని బ్రష్ దూర్చి శుభ్రం చేయాలి. రంధ్రాలు తుప్పు తిని పెద్దవైతే బర్నర్ మార్చడమే మేలు. పోత ఇనుప జాలీని తుప్పు పోయేలా రుద్ది, కడిగి, ఆరబెట్టి, కొత్త దోసె పెనానికి చేసినట్లే నూనె రాసి కాల్చాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే ఊడిన తీగలు ఆహారంలో కలిసే ప్రమాదముంది, కాబట్టి తర్వాత జాలీని తడిగుడ్డతో తుడవాలి.

బీటలు వారిన రబ్బరు గొట్టాన్ని, రెగ్యులేటర్‌ను తీసేసి కొత్తవి వేయాలి. అన్నీ బిగించాక, నాబ్‌లు కట్టేసి ఉంచి, సిలిండర్ వాల్వ్ తెరిచి, అతుకులపై సబ్బునీరు రాయాలి. బుడగలు వస్తే గ్యాస్ కారుతున్నట్టే. వాల్వ్ కట్టేసి, లోపం సరిచేసి, మళ్లీ పరీక్షించాలి.

ముట్టించేటప్పుడు మూత తెరిచే ఉండాలి, సిలిండర్ వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ కారుతోందేమోనన్నట్టు రక్షణ ఏర్పాటు ప్రవాహాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మంట నీరసంగా ఉంటుంది. పాడైందనుకుని అమ్మేసిన గ్రిల్లుల్లో కొన్నింటి లోపం ఇంతే కావచ్చు. అన్నీ కట్టేసి, గొట్టం విప్పి తిరిగి బిగించి, నిదానంగా తెరిస్తే సరిపోతుంది. మంట నీలంగా నిలకడగా ఉంటే గాలి, గ్యాస్ సరిగా కలుస్తున్నట్టు. పసుపు మంట ఎక్కువైతే బర్నర్‌ను మళ్లీ చూడాలి. చివరగా మూత వేసి, పెద్ద మంటపై అరగంట ఖాళీగా మండిస్తే మిగిలిన సబ్బు, నూనెల వాసన పోయి గ్రిల్ వంటకు సిద్ధమవుతుంది.