పాటిచేను, చౌడుకుంట, మంగలి మాన్యం

బెజవాడ వైపు మైలవరం చుట్టుపక్కల ఊళ్లలో అడంగల్ తెరిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు కనిపిస్తాయి. ముఠా మేస్త్రీ మాత్రం ఆ నంబరుతో పని చెప్పడు. ‘రేపు పాటిచేలో కలుపు’ అంటాడు. అందరూ సరిగ్గా అక్కడికే చేరతారు.

పాటి అంటే ఒకప్పుడు ఊరుండి ఎత్తిపోయిన చోటు. అక్కడ నాగలికి కుండపెంకులు తగులుతాయి. ఆ మన్ను సత్తువని రైతులు బళ్లకెత్తి చేలకు తోలుకునేవారు. చౌడుకుంటంటే మొలక సరిగా రాని నేల, నీళ్లు నిలిచే పల్లం. మంగలి మాన్యం ఊరికి చేసిన చాకిరీకి ఇచ్చిన భూమి. 1956 చట్టంతో ఇలాంటి ఇనాములు రద్దయి, చేను ఎన్ని చేతులు మారినా పేరు మాత్రం మొదట దున్నుకున్నవాడినే చెబుతుంది.

ఈ పేర్లన్నీ నాలుకమీద ఉన్న కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేతో పాత నంబర్ల చోట ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి. కొలత సరిపోతుంది, పేరుకు మాత్రం గడి లేదు.

అందుకే ఈ పేర్లను జనం నోటి నుంచే సేకరించాలి. ‘ఈ చేను పేరేంటి?’ అని నిలేసి అడిగితే ‘పేరేముందండీ, చేనే’ అంటారు. ‘మొన్న నాట్లెక్కడేశారు? మేకల్ని ఎటు తోలారు?’ అనాలి. అప్పుడు పేర్లు వాటంతటవే దొర్లుతాయి. నాట్లేసే ఆడవాళ్లకూ కాపరులకూ తెలిసినన్ని పేర్లు ఆసాములకు తెలియవని నా నమ్మకం. పలికినట్టే రాసుకోవాలి, గ్రాంథికంలోకి దిద్దకూడదు. పక్క ఊరివాళ్లు అదే చోటును మరోలా పిలిస్తే రెండూ ఉంచాలి. గొంతు రికార్డు చేసి, ఫోన్లో జీపీఎస్ గుర్తు పెట్టి, సర్వే నంబరు జతచేయాలి.

అర్థం వేరుగా రాయాలి. చీమలపాడు అనగానే చీమలు పట్టి పాడైన ఊరని కథ అల్లేవారుంటారు. ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘పాడు’ శిథిలం కాదు, ఊరే. కథను పారేయక్కర్లేదు, కథ అని రాస్తే చాలు. రచయిత కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధించారు. ఊళ్లకు దక్కిన ఆ శ్రద్ధ చేలకు దక్కలేదు.

ఇలా రాసుకోవడం కొత్తేమీ కాదు. ఐర్లండ్‌కు మ్యాపులు గీసిన సర్వేలో 1830లో చేరిన జాన్ ఓడొనవన్ ఊరూరా తిరిగి గేలిక్ పేర్లను జనం నోటి నుంచి రాసుకున్నాడు. మ్యాపుల మీద ఇంగ్లీషు పలుకుబడే అచ్చయింది. ఆయన రాతలుండబట్టే అసలు పేర్లు ఇవాళ వెతకగలుగుతున్నారు.

మరో చిక్కు మర్యాద. భట్టిప్రోలు స్తూపాన్ని జనం లంజదిబ్బ అనేవారు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వితే ధాతుకరండాలూ బ్రాహ్మీ లిపీ బయటపడ్డాయి. ఘంటసాలలో ఉన్న బౌద్ధ దిబ్బకూ అదే పేరు. రాసేవాడు సిగ్గుపడి ఉత్త ‘దిబ్బ’ అని ఊరుకుంటే, రెండు చోట్ల ఒకే పేరు ఎందుకొచ్చిందన్న ప్రశ్నే పుట్టదు.

బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. అక్కడి నగర్‌లూ పేటలూ నీటి ఊసెత్తవు. అదే బుడమేరుకు ఎగువనున్న మైలవరం వైపు లేఔట్లు పడకముందే, కుంట అనీ పల్లం అనీ పిలిచే చేలేవో ముందు రాసుకోవాలి. ‘గ్రీన్ సిటీ’ బోర్డు లేచాక అడుగుదామంటే పక్కచేను రైతూ అక్కడ ఉండడు.