మంచం పక్క కుర్చీలోంచి

ఆలిస్ మన్రో కథ ‘ద బేర్ కేమ్ ఓవర్ ద మౌంటెన్’ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి 2001లో, ఆ కథ ఉన్న సంపుటం వచ్చిన కొత్తల్లో. రెండోసారి, దాని ఆధారంగా సారా పాలీ తీసిన ‘అవే ఫ్రమ్ హర్’ సినిమా చూసొచ్చాక. మూడోసారి 2025 ఫిబ్రవరిలో, ఒహాయోలో మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఒక స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో, మా ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. మొదటి రెండుసార్లు నేను చదివింది వేరే కథేమో అనిపించింది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గ్రాంట్ రిటైరైన ప్రొఫెసరు. భార్య ఫియోనాకి జ్ఞాపకశక్తి పోతూ ఉంటుంది. ఆమెని మెడోలేక్ అనే సంరక్షణాలయంలో చేరుస్తాడు. మొదటి నెల ఎవరూ చూడడానికి రాకూడదని అక్కడి నియమం. ఆ నెల గడిచి వెళ్ళేసరికి ఆమె ఆబ్రీ అనే మరో రోగికి దగ్గరై ఉంటుంది. మొగుణ్ణి మర్యాదగా, పరాయివాణ్ణి పలకరించినట్టు పలకరిస్తుంది. కొన్నాళ్ళకి ఆబ్రీని అతని భార్య మేరియన్ ఇంటికి తీసుకుపోతుంది. ఫియోనా బెంగతో చిక్కిపోతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పరాయి ఆడవాళ్ళ చుట్టూ తిరిగిన గ్రాంట్, ఇప్పుడు భార్య కోసం మేరియన్ గుమ్మం ఎక్కి, మీ ఆయన్ని మళ్ళీ తీసుకురండి అని అడుగుతాడు.

కమ్యూనిటీ కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో ఈ కథ మీద గంటల తరబడి మాట్లాడాను. గ్రాంట్ పశ్చాత్తాపం నిజమేనా, ఫియోనా మరపులో ఎంత మరపు, ఎంత శిక్ష అని. మేరియన్ గురించి ఒక్క పూట కూడా మాట్లాడలేదు. ఆమెని గ్రాంట్ ఎలా చూశాడో నేనూ అలాగే చూశాను. లెక్కల మనిషి, ఇంటి మీద మమకారం తప్ప మరోటి లేని మనిషి అని.

మొన్న కుర్చీలో కూర్చుని చదువుతుంటే, ఆబ్రీ మెడోలేక్‌లో ఉన్నది కొద్దిరోజులకే అన్న మాట దగ్గర ఆగిపోయాను. చక్రాల కుర్చీలో ఉండే మొగుడికి ఇంట్లో ఒంటిచేత్తో చేసి చేసి, కాస్త విశ్రాంతి కోసం మేరియన్ అతన్ని అక్కడ ఉంచింది. శాశ్వతంగా ఉంచాలంటే ఇల్లు పోతుంది. ఆవిడకి ఆ ఇల్లు తప్ప ఇంకేమీ లేదు. ఈ సంగతి ఆవిడ గ్రాంట్‌కి కాఫీ ఇచ్చి, దాపరికం లేకుండా చెబుతుంది. ఇరవయ్యేళ్ళపాటు నేను దాన్ని పిసినారితనంగా చదివాను.

జనవరిలో మా ఆయన వాకిట్లో మంచు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. సర్జరీ చేసి సగం కీలు మార్చారు. ఆస్పత్రిలో నాలుగు రాత్రులు. ఐదోరోజు పొద్దున్నే ఒక సోషల్ వర్కరు వచ్చి, కాయితం మీద ఐదు ఫెసిలిటీల పేర్లిచ్చి మధ్యాహ్నం లోపల ఎంచుకోమంది. కూరగాయలకి కూడా అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటాం.

గుంటూరు నుంచి మా ఆడపడుచు ఫోను. నర్సింగ్ హోముకి మార్చారని చెప్పాను. “హమ్మయ్య, పెద్దాసుపత్రి అక్కర్లేదన్నమాట” అంది. మనకి నర్సింగ్ హోమంటే డాక్టరు దంపతులు నడుపుకునే ఇరవై పడకల చిన్నాసుపత్రి. మా పిల్లలు పుట్టింది అలాంటిదాంట్లోనే. రెండ్రోజుల తర్వాత, ఇక్కడే డల్లాస్‌లో ఉండే వాళ్ళబ్బాయి అసలు అర్థం చెప్పినట్టున్నాడు, మళ్ళీ ఫోను. “అన్నయ్యని హోములో పడేశావా వదినా?” ఒకటే మాట, రెండు రోజుల్లో ప్రసూతి గది నుంచి అనాథాశ్రమం దాకా ప్రయాణం చేసింది!

నన్ను ఎక్కువ వేధించింది మాత్రం ఆ పేరులో మొదటి మాట. స్కిల్డ్. నైపుణ్యం గల సేవ. దానికి మెడికేర్ ఇచ్చే నిర్వచనం నేనా కుర్చీలో కూర్చుని చదివాను. రిజిస్టర్డ్ నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు లాంటి శిక్షణ పొందినవాళ్ళు చేస్తేనో, వాళ్ళ పర్యవేక్షణలో జరిగితేనో తప్ప కుదరని పని నైపుణ్యం గల పని. వరసగా మూడు రోజులు ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి, ఆ తర్వాత రోజూ అలాంటి సేవ అవసరమైతేనే మెడికేర్ ఫెసిలిటీ ఖర్చు భరిస్తుంది. ‘అబ్జర్వేషన్’ అని రాసి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టిన రోజులు ఆ మూడింటిలోకి రావు. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, బాత్రూముకి తీసుకెళ్ళడం, రాత్రి పక్కకి తిప్పడం – వీటికి ‘కస్టోడియల్ కేర్’ అని పేరు. కస్టడీ! రోగికి ఈ పనులు తప్ప ఇంకేం అక్కర్లేదని తేలిన రోజున మెడికేర్ చెయ్యి దులుపుకుంటుంది. ఆ పనులు ఇంట్లో ఎవరు చేస్తారో అందరికీ తెలుసు గనక ఎవరూ రాయరు.

మా ఆయనకి ఆ పనులు చేసింది ఘానా నుంచి వచ్చిన ఒకావిడ. నర్సింగ్ అసిస్టెంటు. కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. ఆవిడకి పదిహేనేళ్ళ అనుభవం. నడుముకి గెయిట్ బెల్టు ఎలా కట్టాలో, మనిషిని కుర్చీలోంచి ఎలా లేపాలో నాకు నేర్పింది ఆవిడే. చంకల కింద చేతులు పెట్టి లాగకు, ఆపరేషనైన కాలు కొంచెం ముందుకి చాచమను, కుర్చీ చేతుల మీద బరువాన్చి ఆయన్నే లేవమను, నువ్వు బెల్టు పట్టుకో, నీ మోకాళ్ళు వంచు, నడుం వంచకు. నాలుగురోజులు పట్టింది నాకు. ఆ భవనం బోర్డు మీదున్న ‘స్కిల్డ్’ అన్న మాట ఆవిడకీ వర్తించదని తర్వాత తెలిసింది. ఆవిడ చేసేదీ కస్టోడియల్ పనే. ఆ మాటకి అవతల ఒడ్డున భార్యలం మాత్రమే ఉన్నామనుకున్నాను. జీతం తీసుకునే ఆడవాళ్ళూ అక్కడే ఉన్నారు.

ఆవిడ సాక్సు తొడిగితే మా ఆయన “థాంక్యూ” అనేవారు. ప్రతిసారీ. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ నేను వినలేదు. మంచి మనిషే. నాకూ ఎప్పుడూ లోటనిపించలేదు, ఆ గదిలో వినేదాకా.

పన్నెండో రోజునో ఏమో, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆయన్ని కింద అంతస్తులో ఉన్న చిన్న వంటగదికి తీసుకెళ్ళింది. స్టవ్వూ, సింకూ, అలమరలూ అన్నీ ఉన్న నమూనా వంటిల్లు. వాకరు పక్కన పెట్టుకుని నిలబడి టీ చెయ్యాలి. డెబ్బయ్యేళ్ళ వయసులో ఆయన తన చేత్తో మొదటిసారి టీ పెట్టారు. నాకూ ఓ కప్పు ఇచ్చారు. చక్కెర ఎక్కువైంది. థెరపిస్టు చప్పట్లు కొట్టి, ఎన్ని నిమిషాలు పట్టిందో కంప్యూటర్లో రాసుకుంది. ఆ టీ నైపుణ్యం గల సేవ కింద లెక్క. నేను పెట్టిన టీలు ఏ పద్దులోకీ రావు. నవ్వొచ్చింది. తర్వాత కారులో కూర్చున్నాక నవ్వు రాలేదు.

మన సాహిత్యమైనా ఈ పనిని నైపుణ్యంగా చూసిందా అని ఆ రాత్రి వెతుక్కున్నాను. మొదట గుర్తొచ్చింది సుమతి. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణం దగ్గర్నుంచి మా అమ్మమ్మ చెప్పిన కథ దాకా మనందరికీ తెలిసినదే. కుష్ఠురోగి కౌశికుడు వేశ్యని కోరితే, భార్య అతన్ని చీకట్లో భుజాన మోసుకుని బయల్దేరుతుంది. మా అమ్మమ్మ కథలో బుట్టలో పెట్టి నెత్తిన. దారిలో కొరత మీదున్న మాండవ్యుడికి అతని కాలు తగులుతుంది. పొద్దు పొడిచేసరికి చస్తావని శాపం. ఆమె పొద్దునే ఆపేస్తుంది. చివరికి అనసూయ వచ్చి నచ్చజెప్పాక సూర్యుడు ఉదయిస్తాడు, మొగుడు చచ్చి, ఆరోగ్యంగా మళ్ళీ బతుకుతాడు.

ఈ కథని వెక్కిరిస్తూ ఒకప్పుడు నేనూ రాశాను. మొగుణ్ణి వేశ్య ఇంటికి మోసుకెళ్ళడం పాతివ్రత్యమట అని. ఆ కోపం ఇప్పటికీ తప్పనుకోను. కానీ పురాణకర్త సూర్యుణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు, నేను వేశ్యని చూసి మండిపడ్డాను. మా ఇద్దరిలో ఎవరం ఆమె భుజం చూడలేదు. నడవలేని మగవాణ్ణి ఒక్క ఆడది చీకట్లో, గతుకుల దారిలో ఎలా ఎత్తింది? పుళ్ళు ఒరుసుకోకుండా ఎక్కడ చెయ్యేసింది? ఎన్నిసార్లు దింపి ఆయాసం తీర్చుకుంది? అంతకుముందు ఎన్నేళ్ళు ఆ పుళ్ళు కడిగితే అది తెలిసింది? అనసూయ కూడా ఆమె బరువు దించడానికి రాలేదు, సూర్యుణ్ణి విడిపించడానికి వచ్చింది. ‘సేవ’ అన్న ఒక్క మాట కప్పేసరికి పని మొత్తం కనిపించకుండా పోయింది. భక్తి అంటే పొగిడాం, బానిసత్వం అంటే తిట్టాం. పనిగా మాత్రం చదవలేదు.

వంటింటిని మన స్త్రీవాద సాహిత్యం బాగానే పట్టుకుంది. విమల ‘వంటిల్లు’ కవిత తెలియని పాఠకురాలు ఈ పత్రికకి ఉండదు. రోగి మంచానికి అంత వాటా ఇచ్చిన రచన నేను చదివినంతలో తక్కువ. బహుశా అక్కడ కోపం తెచ్చుకోవడం కష్టం కావచ్చు. వంట చెయ్యనని అనొచ్చు. తుంటి విరిగినవాణ్ణి లేపనని ఎలా అంటాం?

ఆ వెతుకులాటలో దొరికింది అబ్బూరి ఛాయాదేవి గారి ‘సుఖాంతం’. కంటినిండా నిద్ర కోసం చిన్నప్పటి నుంచీ ఎదురుచూసిన ఇల్లాలి కథ. ఆ నిద్ర ఆవిడకి చివరికి నిద్రమాత్రల్లో దొరుకుతుంది. కథ పేరులోని ఎత్తిపొడుపు గురించి ఎందరో రాశారు. నాకు ఈసారి తగిలింది మరొకటి. మా ఆయన ఫెసిలిటీలో ఉన్న మొదటి రాత్రి నేను తొమ్మిదింటికి పడుకుని ఏడింటికి లేచాను. ఆయన గురక, దగ్గు, బాత్రూము లైటు, ఏదీ లేదు. అలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో! లేవగానే గుండె ఝల్లుమంది, సంతోషంగా ఉన్నందుకు. ఎవరికీ చెప్పలేదు. పలకరించడానికి సాంబారు క్యారేజీలతో వచ్చిన స్నేహితురాళ్ళందరూ “నిద్ర పడుతోందా?” అని జాలిగా అడిగితే, పట్టడం లేదని అబద్ధం చెప్పాను. అబద్ధం చెప్పాల్సి వచ్చినంత కాలం ఛాయాదేవి గారి కథకి పని ఉంటుంది. మొగుడు పోయాక ఒంటరిగా బతకడానికి ఇష్టపడే స్త్రీ గురించి ‘తన మార్గం’ రాసిన ఆవిడ, తన చివరి ఏళ్ళు హైదరాబాదులో ఒక వృద్ధాశ్రమంలో గడిపి 2019లో వెళ్ళిపోయారు. పడేశారని ఎవరూ అనలేదు.

పద్దెనిమిదో రోజు నోటీసు వచ్చింది. ఎదుగుదల ఆగిపోయింది గనక రెండురోజుల్లో మెడికేర్ చెల్లింపు ఆగుతుందని. మొదటి 20 రోజులకి రోగి కట్టాల్సిందేమీ లేదు. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా 2025లో రోజుకి 209.50 డాలర్లు రోగి వంతు. ఇలాంటి నోటీసులు ఇరవయ్యో రోజు దరిదాపుల్లో రావడం యాదృచ్ఛికమో కాదో నేను చెప్పలేను. డిశ్చార్జి కాయితంలో ఒక గడి ఉంది: ఇంట్లో చూసుకునేవారు. అందులో అప్పటికే ‘భార్య, అందుబాటులో ఉంది’ అని టైపు చేసి ఉంది. నన్నెవరూ అడగలేదు. నాకు అరవై ఆరు, కుడి మణికట్టుకి కీళ్ళవాతం, మా పడగ్గది మేడ మీద పదమూడు మెట్లెక్కాక. ఆ మూడు సంగతులూ ఆ గడిలో పట్టవు కాబోలు.

వెర్మాంటులో గ్లెండా జిమ్మో అనే ఆవిడ వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. మెరుగుపడడం లేదన్న ఒక్క కారణంతో నైపుణ్య సేవ ఆపకూడదు, ఉన్న స్థితి నిలబెట్టడానికి ఆ సేవ కావాల్సి వస్తే అదీ లెక్కలోకి వస్తుంది అని ఆ ఒప్పందం స్పష్టం చేసింది. ఈ సంగతి నాకు చెప్పింది థెరపిస్టూ కాదు, సోషల్ వర్కరూ కాదు. ఎదురు గదిలో మొగుణ్ణి చూడడానికి వచ్చే ఒక రిటైర్డ్ స్కూలు టీచరు. ఆవిడ చూపించిన నంబరుకి ఫోను చేసి అప్పీలు పెట్టాను. మెట్లెక్కడం రాలేదు, నేను లేపలేను అని చెప్పాను. ‘లేపలేను’ అన్న మాట పెళ్ళయ్యాక మా ఆయన విషయంలో నేను మొదటిసారి అన్నాను. ఆయన వింటూనే ఉన్నారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఇరవై ఏడో రోజు దాకా ఉండనిచ్చారు. ఏడు రోజులకి 1466 డాలర్ల యాభై సెంట్లు. మేరియన్ లెక్కలు వేస్తే తప్పుపట్టిన నేను, ఆ అంకె ఒక కవరు వెనక రెండుసార్లు కూడుకున్నాను.

2024 మేలో మన్రో చనిపోయారు. ఆ జూలైలో, చిన్నతనంలో తన మీద సవతి తండ్రి జరిపిన లైంగిక హింస గురించీ, అది తెలిశాక కూడా తల్లి అతనితోనే ఉండిపోవడం గురించీ ఆమె కూతురు పత్రికలో రాసింది. అది చదివిన తర్వాత, మొగుడి పాత తప్పుల్ని మరిచిపోయే ఫియోనా దగ్గర నా చెయ్యి వణుకుతుంది. ఆ మరపులోని అందాన్ని ఇదివరకులా మెచ్చుకోలేను. కథని పారెయ్యనూ లేను. ఎందుకంటే మేరియన్ అందులోనే ఉంది. మన్రో ఆమెకి ఇచ్చింది కొద్దిచోటే. అదీ గ్రాంట్ కళ్ళకి కనిపించినంత మేరకే. ఆమె చర్మం, ఆమె నడుం, ఆమె వంటింటి నిగనిగ. ఆబ్రీని రోజుకి ఎన్నిసార్లు లేపుతుందో అతను అడగడు. పక్కగదిలో టీవీ ముందు ఆబ్రీ కూర్చునే ఉంటాడు. అతన్ని ఆ కుర్చీలో ఆ పూట కూర్చోబెట్టింది ఎవరు? అక్కడిదాకా తెచ్చి వదిలేసిన రచయిత్రి తెలిసే వదిలేసిందా అన్నది నాకింకా తేలలేదు. నాలుగోసారి చదవాలి.

మార్చిలో ఇంటికొచ్చాం. పడక కిందికి దింపుకున్నాం. వారానికి మూడుసార్లు ఫిజికల్ థెరపిస్టు వచ్చేది. పొద్దుటి టీ ఆయనే పెట్టారు, కొన్నాళ్ళు. ఘానా ఆవిడ వచ్చేటప్పుడు ఇచ్చిన గెయిట్ బెల్టు పూజగది తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది. మొన్న వీడియో కాల్లో మా ఆడపడుచు దాన్ని చూసి “అదేంటి వదినా?” అంది. ఫోను అలమరకి ఆనించి, మా ఆయన్ని పిలిచి నిలబెట్టి, ఎక్కడ కట్టాలో, ఎక్కడ పట్టుకోవాలో చూపించాను. వాళ్ళాయనకి మోకాళ్ళ ఆపరేషను వచ్చే నెలలోనట. “ఇంకోసారి చూపించు” అంది.