ఎవరి కుట్టు వారిది

ఎవరైనా బొంత చూపిస్తే నేను ముందు దాన్ని వెనక్కి తిప్పుతాను. పైవైపు చూసి మురిసిపోవడానికి చాలామంది ఉంటారు. ఏ చీర కొంగు ఎక్కడ పడింది, ఎరుపు పక్కన పసుపు ఎలా కుదిరింది అన్నవి ఎవరి కంటికైనా కనిపించేవే. వెనక మాత్రం ఒకే రంగు పాత పంచె, దాని మీద దారం నడిచిన దారి, అంతే. నలుగురు కూర్చుని కుట్టిన బొంతయితే అక్కడ నాలుగు చేతులూ విడివిడిగా తెలిసిపోతాయి. ఒకరి కుట్టు బియ్యపు గింజంత. ఇంకొకరిది వేలెడు. ఒకరు దారాన్ని బిగించి లాగితే గుడ్డ ముడతలు పడుతుంది. ఒకరు వదులుగా వదిలేస్తే రాత్రి నిద్దట్లో పిల్లల కాలివేళ్లు అందులో చిక్కుకుంటాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు కొందరం ఆడవాళ్లం కమ్యూనిటీ హాల్లో చీరలు పరిచి కూర్చుంటాం. బర్త్‌డే ఫంక్షన్లు లేని రోజు హాలు మాదే. మొన్న ఈ వెనకవైపు మీదే పెద్ద వాదన నడిచింది. కొత్తగా చేరినావిడ క్విల్టింగ్ పద్ధతి ప్రకారం నేర్చుకున్న మనిషి. స్కేలు, చాక్‌పీసు, గుండుసూదులు అన్నీ వెంట తెచ్చుకుంటుంది. మూడో అంతస్తు అవ్వ కుట్టిన మూల చూసి, "అవ్వా, ఇక్కడ కుట్లు మరీ పెద్దగా వచ్చాయండీ. విప్పేసి మళ్లీ వేద్దామా?" అంది. అవ్వ తలెత్తకుండానే, "విప్పు బిడ్డా, నాదేం పోయింది. మల్ల కుట్టుడు గూడ నువ్వే కుట్టు" అంది. అందరం నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆమె పట్టుకున్న సంగతి నవ్వి వదిలేసేది కాదని నాకూ ఆ తర్వాతే తోచింది. అందరం కలిసి ఒక వస్తువు చేస్తున్నామంటే, అందరి చేతులూ ఒకేలా కదలాలా?

బొంత కొలత చూస్తే కొంత తెలుస్తుంది. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకునేంత. మడతల మధ్య చిరిగిన లుంగీలు, తువ్వాళ్లు, పనికిరాని జాకెట్లు పరుస్తాం. ఇక ఆ పొరలన్నీ జరగకుండా ఉండాలి. అమెరికా పల్లెల్లో దీనికి కర్ర చట్రం వాడేవారు. క్విల్టును, అంటే వాళ్ల బొంతను, చట్రానికి బిగించి, దాన్ని ఇంటి కప్పుకు తాళ్లతో వేలాడదీసేవారు. పని లేనప్పుడు పైకి లాగేస్తే కింద జాగా ఖాళీ అయ్యేది. మనకు చట్రాలు లేవు, మన బరువే చట్రం. పరిచిన బొంత మీదే బాసిపట్లు వేసుకుని కూర్చుంటాం. ఒక్కరే కూర్చుంటే ఈ మూల కుట్టేలోగా ఆ మూల జారిపోతుంది. జగిత్యాల వైపు మా ఊళ్లో కోతలయ్యాక, ఎండలు ముదిరే రోజుల్లో, వాకిట్లో వేపచెట్టు కింద అమ్మ చీరలు పరిచేది. ఎవరినీ పిలవాల్సిన పనిలేదు. దారిన పోయేవాళ్లు ఆగి, సూదిలో దారం ఎక్కించుకుని, ఆ దారం అయిపోయేదాకా కుట్టి లేచిపోయేవాళ్లు. అలా పుట్టే బొంతకు ఒకే తీరు కుట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

  

ఈ వాదన వచ్చినప్పుడల్లా నాకు జీస్ బెండ్ గుర్తొస్తుంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మూడు వైపులా నది చుట్టుకున్న చిన్న పల్లె అది. ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ల సంతతి అక్కడ ఉంటుంది. చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అంటే ఆ పాత తోట యజమాని పేరే. 1930లలో అప్పుల కింద పశువులు, పనిముట్లు, తిండిగింజలు కూడా పోగొట్టుకున్న ఊరు. చలికి పల్చటి గోడల ఇళ్లు ఆగవు కాబట్టి ప్రతి ఇంటికీ క్విల్టులు కావాలి, గుడ్డ కొనే స్తోమత లేదు. పొలానికి వేసుకెళ్లి అరిగిన ప్యాంట్లు, పిండి సంచులు, ఎరువుల సంచులు, ఏది దొరికితే అది కుట్టారు. 1942లో మిసౌరీ పెట్‌వే భర్త చనిపోతే, ఆయన పని బట్టలన్నీ విప్పి, ఆయన ప్రేమ కింద పడుకోవాలని ఒక క్విల్టు కుట్టుకుంది. పని బట్టలతో కుట్టిన ఆ ఊరి క్విల్టుల్లో జేబులు ఊడదీసినచోట గుడ్డ అసలు రంగు ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. చుట్టూ ఉన్న గుడ్డ ఎండకు ఎంత వెలిసిపోయిందో ఆ ముక్కే చెబుతుంది.

అక్కడి పద్ధతి నాకు నచ్చుతుంది. పైభాగం ఎవరింట్లో వారు, ఎవరి బుర్రతో వారు కూర్చుకుంటారు. పొరలు కలిపి కుట్టే పనికి మాత్రం ఇరుగుపొరుగు చేరతారు. ముక్కలు ఎలా పేర్చావని ఎవరూ ఎవరినీ దిద్దరు. కొలత, నమూనా లేకుండా తోచినట్టు కూర్చే ఆ పనిని వాళ్లు "నా తీరు" అంటారు.

ఆ తీరుకు ఒక పరీక్ష వచ్చింది. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజులు. ఓటు నమోదుకు నది అవతలి పట్టణానికి వెళ్లే పడవను 1962లో ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లోనే. ఆ వేడిలో, 1966లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. న్యూయార్క్ దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరంటే ఒకటి చూసి ఒకటి దించినట్టు ఉండాలి. చేతికి వచ్చినట్టు గుడ్డ కత్తిరించినవాళ్లు టేపు పట్టుకోవాల్సి వచ్చింది. 1972లో సియర్స్ కంపెనీ కోసం కార్డ్‌రాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టే పని దొరికింది. నగదు ముఖం చూడని ఇళ్లకు ఆ కూలి ఎంత ఆసరానో నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ చిత్రమేమిటంటే, గలీబులు కత్తిరించగా మిగిలిన కార్డ్‌రాయ్ పీలికలు ఇళ్లకు చేరాయి. మందపు గుడ్డ కదా, చిన్న చిన్న ముక్కలుగా కుట్టనివ్వదు. పెద్ద పెద్ద పట్టీలుగా, బంగారు రంగు పక్కన ఆకుపచ్చ, దాని పక్కన ఎరుపు, మళ్లీ ఎవరి తీరున వాళ్లు కూర్చారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జనం నోరు వెళ్లబెట్టి చూసిన జీస్ బెండ్ క్విల్టుల్లో ఆ కార్డ్‌రాయ్‌వి కూడా ఉన్నాయి. 2006లో ఆ ఊరి క్విల్టుల బొమ్మలతో పది తపాలా బిళ్లలు వచ్చాయి. కొలత తప్పకుండా కుట్టిన గలీబులు ఏ మంచాల మీద చిరిగిపోయాయో!

అంత దూరం పోనక్కర్లేదు. మన పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి ఊళ్లలో సిద్దీలున్నారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు కుట్టే బొంతను కవంది అంటారు. మాకు పెద్దవాళ్లు నేర్పింది మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావడం. అలా చేస్తే పొరల మధ్య ఉబ్బు బయటికి జరిగిపోతుంది. సిద్దీ ఆడవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, మధ్యలోకి వచ్చి ఆపుతారు. అతుకు వేయడం, పొరలు కలపడం రెండూ ఒకే కుట్టుతో అయిపోతాయి. చివర్న నాలుగు మూలల్లో గుడ్డను త్రికోణాలుగా మడిచి పువ్వులు పెడతారు. అవి లేని కవంది వాళ్ల లెక్కలో ఒంటిమీద బట్ట లేని మనిషితో సమానం. మా పద్ధతికి నిలువునా ఎదురు, అయినా కవంది చక్కగా పరుచుకుంటుంది.

ఇదంతా చెప్పి కొత్తావిడ నోరు మూయించానని అనుకోకండి. ఆమె వైపు కూడా బలం ఉంది. చట్రం మీద చేత్తో కుట్టే గట్టివాళ్లు అంగుళానికి ఎనిమిది నుంచి పన్నెండు కుట్లు వేస్తారు, ఆ నేర్పు ఏళ్లు పెట్టి సంపాదించుకున్నది. పొడుగు కుట్టు ఎక్కడో ఒకచోట తగులుకుని తెగుతుందన్నదీ నిజమే. కాసేపు వాదులాడుకున్నాక మేం తేల్చుకున్నది ఇది. కుట్టు పొడవు ఎవరిష్టం వారిది. వరుసకూ వరుసకూ మధ్య ఎడం మాత్రం నాలుగు వేళ్లకు మించకూడదు. ఎందుకంటే లోపలున్నవి పేలికలు. ఎడం ఎక్కువైతే మొదటి ఉతుకులోనే అవన్నీ ఒక పక్కకు చేరి ముద్ద కడతాయి. తర్వాత ఆ బొంత ఎంత అందంగా ఉన్నా కప్పుకోవడానికి రాదు, ఒక చోట గుట్ట, ఒక చోట ఖాళీ. అవ్వ వేళ్లూ నా వేళ్లూ ఒక మందం కావు కాబట్టి ఎవరి నాలుగు వేళ్లు అన్న దాని మీద ఇంకో గొడవ మొదలైంది. ఆవిడ స్కేలు తీసింది. ఈసారి అవ్వ కూడా వద్దనలేదు.

గుడ్డ విషయంలో మాత్రం మాకు రెండో మాట లేదు. నూలు చీరలే, అవీ బాగా ఉతికి వాడినవే. కొత్త గుడ్డ తెస్తే ఉతికాక కుంచించుకుపోయి, పక్కనున్న పాత గుడ్డను కూడా లాగి ముడతలు పెడుతుంది. పాత చీర కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది. గంజి పెట్టే అలవాటున్నవాళ్లు ముందు రాత్రంతా నానబెట్టి గంజి వదిలించి తేవాలి, లేకపోతే సూది దిగదు. వచ్చే ఆదివారం ఇంకో బొంత మొదలుపెడుతున్నాం. డల్లాస్‌లో ఉన్న ఒకరి మనవడి కోసం. సూట్‌కేసులో పట్టేలా పల్చగా ఉండాలట, అందుకని లోపలి పొరలు తగ్గిస్తున్నాం. రెండు ఫ్లాట్ల నుంచి కొత్తవాళ్లు వస్తామన్నారు. కుట్టు రాకపోయినా పరవాలేదు, కూర్చోవచ్చు. పాలిస్టర్ చీర సంచిలో పెట్టుకుని వచ్చినవాళ్లను మాత్రం అవ్వ గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తుంది.